చూసుకుంటానన్న మాట

సంతకం పెట్టనని పర్సిస్ చెప్పి వారం కూడా కాలేదు. ఈలోగా ఆవిడ పెట్టేసినట్టే చీరాలలో కృతజ్ఞతా కూడిక జరిగిపోయింది.

కూడికంటే ఇంట్లో నలుగురు కూర్చుని పాట పాడుకునే కూడిక కాదు. వీధికి అడ్డంగా షామియానా వేసి, కుర్చీలు తెప్పించి, వచ్చినవాళ్ళందరికీ బిర్యానీ పెట్టిన కూడిక. ఆదివారం అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఆరాధన ముగిసేసరికి ఆ వీడియో తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చి పడింది. అందరూ చూశారు. పర్సిస్ ఒక్కతే చూడలేదు. ఆ పూట ఆవిడ చంటిపిల్లల గదిలో ఉంది. వారమంతా డేకేర్‌లో ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని వచ్చినావిడకు ఆదివారం సంఘంవాళ్ళ పిల్లల్ని అప్పగించడం ఆ చర్చిలో అలవాటైపోయింది. అడిగితే కాదనదు కదా మరి.

పార్కింగ్ లాట్‌లో కారు డోర్ తీయబోతుంటే పాస్టరమ్మగారు వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. ఎంత పెద్ద మనసమ్మా నీది, అన్నారు. దేని గురించో తెలియక పర్సిస్ నవ్వి ఊరుకుంది. వెనకే మరో ఇద్దరు వచ్చి లూసీ వాళ్ళు ఎప్పుడు దిగుతున్నారు, బేస్‌మెంట్‌లోనే ఉంటారా, వేరే అపార్ట్‌మెంట్ చూశారా అని అడిగారు. అప్పుడు ఫోన్ తీసి చూసింది.

వీడియోలో తెల్లచొక్కా వేసుకుని షాలేం రాజు మైకు పట్టుకున్నాడు. షాలేం రాజు అంటే పర్సిస్ ఆడపడుచు లూసీ భర్త. చీరాలలో ఒక ఎయిడెడ్ స్కూల్లో ఆఫీసు అసిస్టెంటు. మాట్లాడితే గొంతు వణికే మనిషి, ఆ రోజు మాత్రం వణకలేదు.

"పందొమ్మిదేళ్ళు కనిపెట్టుకుని ఉన్నాం. ఇన్నాళ్ళకు దేవుడు తలుపు తెరిచాడు. మా బావగారు కృపావరం గారు, అక్కయ్యగారు పర్సిస్ గారు, 'మీరు బయల్దేరండి, అన్నీ మేం చూసుకుంటాం' అన్నారు. ఆ మాట మీద, విశ్వాసంతో, నిన్ననే నేను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను."

జనం స్తోత్రం అన్నారు. వెనక లూసీ కొంగు నెత్తిన వేసుకుని తల వంచుకుని కూర్చుంది.

పర్సిస్ ఫోన్ బ్యాగులో వేసి కారెక్కింది. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కృపావరం డ్రైవ్ చేస్తూ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. వెనక సీట్లో అబిగేల్ చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుంది గాని పాట పెట్టుకోలేదు. పదిహేడేళ్ళ పిల్ల, అమ్మానాన్నల మౌనాలన్నీ ఆ పిల్లకు కంఠతా వచ్చు.

ఇంట్లోకి వచ్చాక పర్సిస్ చెప్పులు విడవకుండానే కిచెన్‌లో నిలబడింది.

"మీరేమన్నారు వాళ్ళతో?"

"నేనేమన్నాను? పేపర్స్ సంగతి నేను చూసుకుంటానన్నాను."

"పేపర్స్ అన్నారా, చూసుకుంటానన్నారా?"

కృపావరం ఆలోచించాడు. అబద్ధం ఆడే మనిషి కాదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. "చూసుకుంటానన్నాను. అప్పుడు మాట్లాడుతున్నది పేపర్స్ గురించేగా. వేరే ఏదో అనుకుంటారని నేనెందుకు అనుకుంటాను?"

ఇక్కడ ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికి లేదు. పాతికేళ్ళకు పైగా అమెరికాలో ఉన్నవాడి నోట్లో చూసుకుంటాను అంటే అప్‌లోడ్ చేస్తాను, లాయర్‌కి ఫోన్ చేస్తాను, ఆ మెయిల్‌కి రిప్లై ఇస్తాను అని. ఆఫీసులో రోజూ అనే ఇంగ్లీషు మాటకు ఆయన తెలుగు అది. చీరాలలో ఆ మాట బరువు వేరు. అక్కడ పెళ్లి చూసుకుంటానంటే ఖర్చంతా పెట్టుకుంటానని. ఆసుపత్రి బిల్లు చూసుకుంటానంటే కడతానని. బావ అన్నీ చూసుకుంటానంటే ఇక విమానం టికెట్ దగ్గర్నుంచి పిల్లల చలికోటుదాకా, తలమీద కప్పు దగ్గర్నుంచి చేతిలో పనిదాకా ఆయన పూచీ. ఆ మాట అన్న మనిషిని మళ్ళీ "ఏవేవి?" అని అడగడం మర్యాద కాదు. షాలేం రాజు మర్యాద తెలిసినవాడు. అడగలేదు.

పర్సిస్‌కు రెండు అర్థాలూ తెలుసు. అందుకే నుదురు కొట్టుకుంది.

"మరి నా పేరెందుకొచ్చింది అందులో? నేనెప్పుడన్నాను?"

"మర్యాదకి కలిపి ఉంటాడు."

"మర్యాదకి కలిపితే నేను పాస్టరమ్మగారి ముందు వెర్రిదానిలా నవ్వాల్సొచ్చింది."

అసలు ఈ గ్రీన్‌కార్డు పిటిషన్ లూసీ పెళ్లికి కృపావరం ఇచ్చిన కానుక. అప్పుడాయన కొత్తగా సిటిజన్ అయ్యాడు, చేతిలో మంచి ఉద్యోగం, ఒంట్లో ఉత్సాహం. చెల్లెలి కుటుంబాన్ని తెచ్చుకుంటానని పెళ్లిపందిట్లోనే చెప్పి, తిరిగొచ్చి కాగితాలు పంపాడు. ఆ తర్వాత ఉద్యోగం పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. రెండోసారి పోయినప్పుడు ఏడాదికి పైగా ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది పర్సిస్ డేకేర్ జీతంతోనే. ఇప్పుడు కృపావరం ఒక డేటా సెంటర్‌లో షిఫ్టుల్లో పని చేస్తున్నాడు. లోపలి మెషీన్లు వేడెక్కకుండా కూలింగ్ సరిగ్గా నడుస్తోందా లేదా అని చూసే పని. సాఫ్ట్‌వేర్ రోజుల జీతంలో సగం కూడా రాదు. ఆయన కిందికి దిగుతూ వచ్చాడు, ఆ పిటిషన్ మాత్రం క్యూలో ఒక్కో అడుగే ముందుకొస్తూ, ఇదిగో, ఈ చలికాలంలో కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడింది.

వచ్చాక తేలిందేమిటంటే కృపావరం జీతం ఒక్కటే చాలదు. ఈ ఇంట్లో ముగ్గురు, వచ్చేది లూసీ దంపతులు, ఇద్దరు పిల్లలు, నలుగురు. ఏడుగురిని పోషించగలనని చూపించాలి. దానికి గవర్నమెంట్ గీసిన గీత ఆయన జీతం కంటే కాస్త పైన ఉంది. పర్సిస్ జీతం కలిపితే గీత దాటుతుంది. కలపాలంటే ఆవిడ సంతకం పెట్టాలి. పెడితే, వాళ్ళు సిటిజన్లయ్యేదాకానో, పదేళ్ళ పాటు పని చేసేదాకానో, వాళ్ళకు జరగకపోతే ఆవిడకూ బాధ్యతే. సంఘంలో డబ్బున్న పెద్ద వినయ్ కుమార్ గారిని తోడు సంతకం అడిగి చూశాడు కృపావరం. ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ప్రార్థన చేద్దాం బ్రదర్," అన్నారు. అంటే కుదరదని.

ఈ వారమంతా అడిగినవే పర్సిస్ ఇప్పుడు మళ్ళీ అడిగింది. వీసా ఫీజులు, మెడికల్స్, నలుగురి టికెట్లు ఎవరు పెడతారని. అక్కడ భార్యాభర్తలిద్దరి జీతాలూ నెలాఖరుకు అందకుండా పోతుంటే దిగాక మొదటి ఆర్నెల్లు ఎలా తింటారని. హెల్త్ ఇన్సూరెన్స్ సంగతేమిటని. రెండో కారు లేకుండా ఈ ఊళ్ళో షాలేం రాజు పనికి ఎలా వెళతాడని. కృపావరం దగ్గర అన్నిటికీ ఒకటే రకం జవాబు. బేస్‌మెంట్ ఉంది. ఇండియన్ స్టోర్‌లో ఎప్పుడూ మనుషులు కావాలి. లూసీ నర్సు కదా, ఇక్కడి పరీక్ష రాస్తే మనకంటే ఎక్కువ సంపాదిస్తుంది.

"ఇవన్నీ లూసీ చెప్పిందా, మీరే చెప్పుకుంటున్నారా?"

"వచ్చినవాళ్ళు ఎవరైనా అంతేగా చేసేది."

"ఎవరైనా సంగతి నాకొద్దు. మన ఇంట్లో ఉన్నవి రెండే బెడ్‌రూములు. అబిగేల్‌కి యూనివర్సిటీ సీటొచ్చింది. దాని ఫీజే ఎలాగో మనకి తెలీడం లేదు."

"నేను మాటిచ్చాను పర్సీ."

"మీరు ఇవ్వలేదు. మీకు తెలీకుండా వాళ్ళు తీసుకున్నారు."

పర్సిస్ ఇక మెల్లగానే చెప్పింది, ఫోన్ చేసి ఆ మాటకు అర్థం అది కాదని చెప్పేయండి అని. ఈరోజే చెప్పండి, రేపటికి ఇంకో కూడిక పెడతారు అని.

"రిజైన్ చేసిన మనిషికి ఫోన్ చేసి నేనేం చెప్పను? తెలుగు మర్చిపోయానని చెప్పనా?"

అలా అని వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు, చర్చికి వేసుకెళ్ళిన బూట్లతోనే. చేతులు మోకాళ్ళ మీద వేసుకుని కిందికి చూస్తున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి. రేపు పొద్దున్నే షిఫ్టు. ఆయన్ని అలా చూస్తే పర్సిస్‌కు జాలేసింది, జాలి వేసినందుకు తన మీద తనకే చిరాకేసింది. పాతికేళ్ళ కాపురంలో ఈ రెండూ ఎప్పుడూ కలిసే వచ్చాయి.

అబిగేల్ వచ్చి కిచెన్ కౌంటర్ దగ్గర స్టూల్ మీద కూర్చుంది. ఆ పిల్ల తెలుగు అమెరికా తెలుగు, అక్షరాలు నోట్లో మెత్తగా అయిపోతాయి.

"మమ్మీ, నేను కమ్యూనిటీ కాలేజ్‌కి వెళ్తా. టూ ఇయర్స్ ఓన్లీ. తర్వాత ట్రాన్స్‌ఫర్ అవుతా. ఇంట్లోనే ఉంటా, మనీ కూడా సేవ్ అవుతది."

పర్సిస్ వద్దంది. నువ్వు పెద్దవాళ్ళ విషయాల్లోకి రాకంది. ఆ సీటు కోసం నువ్వు ఎన్ని రాత్రులు కూర్చున్నావో నాకు తెలుసంది.

"డాడీని చూడు మమ్మీ," అంది అబిగేల్. "ఐ కాంట్ గో అవే అండ్ బీ హ్యాపీ, డాడీ అట్లా కూర్చుంటే. లూసీ అత్త వాళ్ళని రానీ. నా రూమ్ వాళ్ళ పాపతో షేర్ చేస్తా. ఇట్స్ ఫైన్."

ఇట్స్ ఫైన్ అంటున్నప్పుడు పిల్ల కళ్ళు ఫైన్‌గా లేవు. పర్సిస్ కూతురి తల దగ్గరికి తీసుకుంది. ఒక్కదాన్నే అందరి మధ్యా అడ్డంగా నిలబడ్డానా అనిపించింది. అక్కడ నలుగురు, ఇక్కడ ఇద్దరు, అందరూ ఒకవైపు, తను ఒకవైపు. న్యాయం తనవైపే ఉంది, ఆవిడకు ఆ సంగతి తెలుసు. కానీ న్యాయం పక్కన నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి.

మెట్ల దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"పెడతాను లెండి."

కృపావరం తలెత్తాడు. అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక బూట్లు విప్పడం మొదలుపెట్టాడు, లేసు ముడి రాక అక్కడే ఆగిపోయి ఏడ్చాడు. పర్సిస్ వంగి ఆ ముడి తనే విప్పింది. ఒప్పుకున్నది ప్రేమతో కాదు, ఓపిక అయిపోయి. ఆ తేడా ఆయనకు తెలియనక్కర్లేదనుకుంది.

అన్నం తిన్నాక ప్రార్థన చేసుకుని సంతకం పెడదామన్నాడు కృపావరం. ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా ఏ కాగితం మీదా సంతకం పడదు. ఇల్లు కొన్నప్పుడూ అంతే, కారు కొన్నప్పుడూ అంతే. ఉద్యోగం పోయిన రోజు ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం మీద కూడా ప్రార్థన చేశాకే సంతకం పెట్టాడు. పర్సిస్ చేపల పులుసు వేడి చేసింది. ముగ్గురూ కలిసి తిన్నారు. కృపావరం చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. షాలేం రాజుకి చేపలంటే ప్రాణమని, ఇక్కడి చేపలు తింటే ఏమంటాడో అని ఏదేదో చెప్పాడు. అబిగేల్ నవ్వింది. బయట అప్పటికే చీకటి పడింది.

కంచాలు తీస్తుంటే పర్సిస్ ఫోన్ మోగింది. లూసీ. చీరాలలో అప్పుడే తెల్లారుతూ ఉంటుంది. ఆడపడుచు ఎప్పుడు ఫోన్ చేసినా అన్నకే చేస్తుంది, తనకు చేయడం పండక్కో పుట్టినరోజుకో. పర్సిస్ ఫోన్ పట్టుకుని ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళి తలుపు వేసింది.

"వందనాలు వదినా. అన్నయ్య పక్కనున్నాడా?"

"లేడు. బయటికొచ్చాను. చెప్పు."

"నేను డ్యూటీకి బయల్దేరాను. బస్టాండ్‌లో ఉన్నా. ఇంట్లో మాట్లాడ్డం కుదరదు. సంతకం పెట్టేశావా?"

"ఇప్పుడే పెట్టబోతున్నాను."

అవతల ఏదో బస్సు హారన్ కొడుతూ పోయింది.

"పెట్టొద్దు వదినా."

పర్సిస్‌కు సరిగ్గా వినపడలేదేమోననిపించింది. ఏంటి అంది.

"పెట్టొద్దు. నేను రాలేను."

ఆ తర్వాత లూసీ ఆగకుండా మాట్లాడింది. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనుకోని మాటలు, బస్టాండ్‌లో నిలబడి, గొంతు తగ్గించి. గవర్నమెంట్ ఆసుపత్రిలో తను స్టాఫ్ నర్సు, వచ్చే ఏడాది హెడ్ నర్సు అవుతుంది. వార్డులోకి అడుగుపెడితే సిస్టరుగారు వచ్చారని అందరూ సర్దుకుంటారు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో అక్కడికొచ్చి, రాని ఇంగ్లీషులో పరీక్షలు రాసి, పాసయ్యేదాకా ఎవరి ఇంట్లోనో వృద్ధులకు స్నానాలు చేయించాలి. చేయడానికి సిగ్గులేదు, ఇక్కడా చేసిందే. కానీ అప్పటిదాకా అన్నయ్య బేస్‌మెంట్‌లో, వదిన పెట్టిన కంచంలో తినాలి.

"నువ్వేమీ అనవు వదినా. అనకపోయినా నాకు తెలుస్తుంది కదా. ఇక్కడ మా జీతాలు కొంచెమే. కానీ ఆ కొంచెంలో ఎవరి మొహమూ చూడకుండా బతుకుతున్నాం."

"మరి మీ ఆయన రిజైన్ చేశాడుగా."

కాగితం ఇంకా స్కూల్ కరస్పాండెంటు గారి టేబుల్ మీదే ఉందట. ఆయన ఊళ్ళో లేరు, బుధవారం వస్తారు. అప్పటిలోగా వెనక్కి తీసుకోవచ్చట. రేపటికల్లా అమెరికా సంగతి కుదరదని తెలిస్తే చాలట.

"అయితే నువ్వే చెప్పు ఆయనకి, రానని," అంది పర్సిస్.

"ఎలా చెప్పను? పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మనిషి దాన్ని పట్టుకునే బతికాడు. ఇల్లు కట్టలేదు, ప్రమోషన్ పరీక్ష రాయలేదు, ఎలాగూ వెళ్ళిపోతాం కదా అని. నా నోటితో కాదంటే నన్ను చచ్చేదాకా క్షమించడు. అన్నయ్యా అంతే. నువ్వు కాదంటే..."

"నేను కాదంటే?"

"నువ్వు కాదంటే ఎవరూ ఆశ్చర్యపోరు వదినా."

లూసీ ఆ మాట ఎత్తిపొడవడానికి అనలేదు. ఇంట్లో పంచదార అయిపోయిందని చెప్పినట్టు మామూలుగా అంది. ఆగితే నీ వల్లే ఆగుతుందని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు, నీకు కొత్తగా పోయేదేం లేదు అని కూడా అంది. అప్పటికి గాని తన నోటి నుంచి ఏం వచ్చిందో లూసీకి తెలిసినట్టు లేదు. ఏడ్చేసింది.

"నీ కాళ్ళు పట్టుకుంటాను వదినా. నేనన్నానని అన్నయ్యకి మాత్రం చెప్పకు. చెప్పనని మాటివ్వు."

పర్సిస్‌కు ముందు వచ్చింది కోపం కాదు, ఊరట. ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. పిల్ల చదువు పిల్లకు దక్కుతుంది, ఇల్లు ఇల్లులా ఉంటుంది. ఆ ఊరటను చూసి ఆవిడకే సిగ్గేసింది. ఆ వెనక వచ్చింది కోపం. ఇరవై ఏళ్ళుగా పండగపండక్కీ చీరలు పంపిన చెయ్యి ఇది. అత్తగారి ఆపరేషన్‌కి తన గాజులు అమ్మిన చెయ్యి. చీరాలలో తన పేరు ఇలా ఉందా? ఎవరు పెట్టారు ఆ పేరు? అడుగుదామనుకుంది. అవతల ఆడపడుచు వెక్కిళ్ళు వినిపిస్తుంటే అడగలేకపోయింది.

"చెప్పనులే. డ్యూటీకి వెళ్ళు," అంది.

లోపలికి వచ్చేసరికి కృపావరం స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. టేబుల్ తుడిచి కాగితాలు పరిచాడు, పక్కన బైబిలు, పెన్ను. ఫోన్ ఎవరని అడిగాడు. లూసీ అని చెప్పింది. ఏమంటోంది అన్నాడు. బాగున్నారా అంది అని చెప్పింది. వీడియో చూశామని చెప్పావా, సంతోషంగా ఉందా అని అడిగాడు. ఊఁ అంది.

ముగ్గురూ కూర్చున్నారు. కృపావరం చేతులు చాపాడు. ఆయన ఒక చేతిలో భార్య చెయ్యి, ఒక చేతిలో కూతురి చెయ్యి. అబిగేల్ రెండో చెయ్యి తల్లి చేతిలో.

"ప్రేమగల తండ్రీ," అని మొదలుపెట్టాడు. మామూలుగా ఆయన ప్రార్థన పొట్టి. ఆ సాయంత్రం పొడుగైంది. పందొమ్మిదేళ్ళు ఆగే ఓపిక ఇచ్చినందుకు స్తోత్రం చెప్పాడు. ఉద్యోగాలు పోయిన రోజుల్లో ఇల్లు నిలబెట్టినందుకు చెప్పాడు. బిడ్డ తన సీటు వదులుకుంటానన్నందుకు చెబుతూ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చివరికి భార్య దగ్గరికి వచ్చాడు.

"నా భార్య గురించి నీకు స్తోత్రం తండ్రీ. నేను తెలివితక్కువగా మాట జారినా, ఆ మాటను తన మాటగా మోస్తానంది. ఇలాంటి మనిషిని నాకిచ్చావు. నా చెల్లెలి పిల్లలు ఈమె చేతి అన్నం తిని పెరుగుతారు. ఈమె పెట్టే సంతకాన్ని నువ్వు దీవించు."

పర్సిస్ కళ్ళు మూసుకోలేదు. భర్త మొహం వైపే చూస్తోంది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆ మొహంలో ఇంత నిశ్చింత ఆవిడ చూడలేదు. తన గురించి దేవుడితో ఇంత మంచిగా ఆయన మాట్లాడటం కూడా ఎప్పుడూ వినలేదు. ఇంకొంచెంసేపు ఈ ప్రార్థన సాగితే బాగుండుననిపించింది.

"ఆమేన్," అన్నాడు కృపావరం. "ఆమేన్," అంది అబిగేల్. పర్సిస్ పెదాలు కదిలాయి, మాట బయటికి రాలేదు.

కృపావరం పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.

పర్సిస్ పెన్ను కాగితం పక్కన పెట్టేసింది.

"నేను పెట్టను."

ఆయన ముందు నవ్వాడు. అబిగేల్ కూడా నవ్వబోయి తల్లి మొహం చూసి ఆగింది.

"ఇందాక పెడతానన్నావుగా."

"అన్నాను. ఇప్పుడు పెట్టనంటున్నాను."

"ఎందుకు?"

మధ్యాహ్నం చెప్పిన కారణాలన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి. ఫీజులు, ఇన్సూరెన్సు, రెండో కారు. కానీ వాటన్నిటికీ కూతురు తన చదువు పెట్టి జవాబు చెప్పేసింది. అవి మళ్ళీ చెబితే ఆయన మళ్ళీ బతిమాలుతాడు, తను మళ్ళీ కరిగిపోతుంది. రేపటికల్లా చీరాలకు కబురు వెళ్ళాలి. ఇక ఎవరూ మారు మాట్లాడలేని కారణం ఒకటి కావాలి. అలాంటిది ఒక్కటే ఉంది, అందరూ ఆవిడ నోట వినడానికి ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నది.

"నా జీతం మీ వాళ్ళకి పెట్టడం నాకిష్టం లేదు."

అబిగేల్ తల్లి చేతిలోంచి చెయ్యి తీసేసుకుంది.

"మమ్మీ, రియల్లీ? నేను సీట్ ఇచ్చేస్తా అన్నా కదా. నువ్వు... జస్ట్ ఇష్టం లేదా?"

పర్సిస్ కూతురి వైపు చూడలేదు. చూస్తే నిజం చెప్పేస్తుంది. అబిగేల్ కుర్చీ వెనక్కి నెట్టి మేడ మీదికి వెళ్ళిపోయింది. పైన తలుపు పడిన చప్పుడు వినిపించింది.

కృపావరం అరుస్తాడనుకుంది. ఏడుస్తాడేమో అనుకుంది. ఆయన రెండూ చేయలేదు. పెన్నుకు మూత పెట్టాడు. కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దాడు. ఆవిడ వైపు చూడకుండా, అలిసిపోయిన గొంతుతో మాట్లాడాడు.

"పోయిన నెలే లూసీ నాకు చెప్పింది. వదిన ఒప్పుకున్నట్టే ఒప్పుకుని ఆఖరి నిమిషంలో కాదంటుంది అన్నయ్యా, చూస్తూ ఉండు, అని."

పర్సిస్ కుర్చీ అంచు పట్టుకుంది.

"నీ తరఫున దాంతో పోట్లాడి ఫోన్ పెట్టేశాను, పర్సీ."